చింతపండు గోడౌనులో పాట

ఆ సోమవారం పొద్దున నా చేతిలో ఉన్నవి నాలుగు. పాతపట్నం మెయిన్ రోడ్డు వెనక, నిండా చింతపండు బస్తాలున్న గోడౌను ఒకటి. ఇరవై రెండేళ్ల కిందట బరంపురంలో కొన్న గిటార్ ఒకటి. దాన్ని వాయించే నా కూతురు దీవెన. మా అప్ప, అంటే మా అక్క, కాంతం గొంతు. మొదటి మూడూ మర్నాడు కూడా నా దగ్గరే ఉంటాయి. నాలుగోదానికి ఆ సాయంత్రం దాకానే గడువు.

అప్ప మెడలో కుడివైపు నిమ్మకాయంత గడ్డ. బుధవారం విశాఖపట్నంలో ఆపరేషను. మంగళవారం పొద్దున బస్సెక్కాలి. డాక్టరు ఏదీ దాచలేదు. గడ్డతో ప్రాణానికి భయం లేదనీ, గొంతు పలికించే నరం మాత్రం దానికి ఆనుకుని ఉందనీ చెప్పాడు. మాట తప్పకుండా వస్తుంది, పాట సంగతి హామీ ఇవ్వలేను అన్నాడు. అప్ప ఆయన ముందే నవ్వేసింది. "మాటొస్తే సాల్లే బాబూ. నా కోడలు అదీ పోతాదేమోనని ఆశపడతన్నాది."

ఇంటికొచ్చాక మాత్రం నన్ను పక్కకి పిలిచింది. "ఒరే ఏసురాజూ, నా పాట ఒకసారి నా గొంతుతో రికార్డెక్కించీరా. తర్వాత ఏటైనా కానీ."

ఆ పాట అప్ప నలభై ఏళ్ల కిందట కోతల కాలంలో కట్టింది. మా బాప్టిస్టు సంఘంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పాడతారు. పుస్తకంలోకి ఎక్కలేదు. ఒక్కో ఊరు ఒక్కో రకంగా పాడుకుంటుంది. అసలు వరస అప్ప గొంతులోనే ఉంది. సరుకు ఒకే చోట ఉండి ఆ చోటికి రేపు ఏమవుతుందో తెలియకపోతే, ఈరోజే తరలించాలి. నేను అలాగే ఆలోచిస్తాను. అప్ప మీద ప్రేమ లేక కాదు, నాకు వచ్చిన ఆలోచన అదే.

శ్రీకాకుళంలో స్టూడియో నడిపే త్రినాథ్‌ని పిలిపించాను. జానపదాలు రికార్డు చేసి ఇంటర్నెట్‌లో పెట్టే మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. మైకు, లాప్‌టాప్ పట్టుకుని ఉదయం ఎనిమిదింటికే దిగాడు. మా ఇంటి హాల్లో నిలబడి చప్పట్లు కొట్టి పెదవి విరిచాడు. పడగ్గదిలో కొట్టి తల అడ్డంగా ఊపాడు. గోడౌను తలుపు తీసి, బస్తాల మధ్య సందులోకి వెళ్లి కొట్టాడు. చప్పట్ల శబ్దం పుట్టిన చోటే ఆగిపోయింది.

"మావా, నా స్టూడియోలో కూడా ఇంత సచ్చిన శబ్దం నేదు. ఇక్కడే కూకుందాం."

ముప్పై ఏళ్లుగా చింతపండు వ్యాపారం చేస్తున్నాను, అది శబ్దాన్ని మింగేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. ఆ రోజుకి సరుకు దింపుడు ఆపించాను. కూలీలకి సెలవిచ్చాను. అప్పకి బస్తా మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాను.

"ఈ వాసనకి నోరూరిపోతన్నాది, పాడీదెలాగరా?" అంది అప్ప.

"మింగుకుంటా పాడు మామ్మా, గొంతు తడిగుంటాది," అన్నాడు త్రినాథ్.

దీవెన ఫోనులో శృతి చూసే యాప్ పెట్టుకుని ఆరు తీగలూ సరిచేసింది. ఒక్కో తీగ మీటగానే ఫోను మీద ముల్లు మధ్యకొచ్చి పచ్చగా నిలబడింది. అప్ప శృతి కొంచెం పైన ఉంటుంది కాబట్టి గిటార్ మెడకి క్లిప్పు బిగించి, మళ్లీ ఒకసారి సరిచూసుకుంది.

అప్ప మొదలెట్టింది.

*పొద్దు వాలక ముందె పిలిచినావయ్యా*
*చేను కోయక ముందె చేరదీసినావు...*

పల్లవి బాగా వచ్చింది. పల్లవికీ చరణానికీ మధ్య అప్ప ఊపిరి తీసుకోవాలి. గడ్డ వచ్చాక ఆ ఊపిరి కాస్త పొడుగైంది. అంతసేపూ దీవెన గిటార్ మెడ మీద పై మెట్లకి వెళ్లి చిన్న వరస వాయిస్తుంది. అది వింటూ అప్ప చరణం అందుకుంటుంది. రెండో చరణం అయ్యేసరికి త్రినాథ్ చెయ్యెత్తి ఆపాడు.

"మామ్మా, సరణంలో శృతి పైకి జారిపోతన్నాది."

మళ్లీ పాడింది. మళ్లీ ఆపాడు. మూడోసారి పాడింది. త్రినాథ్ తెరని మా వైపు తిప్పి గొంతు శృతిని చూపే గీత చూపించాడు. పల్లవిలో బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. చరణంలో కొంచెం పైకి తేలింది.

"కంగారేటీ నేదు మామ్మా. కంప్యూటర్‌లో కిందకి లాగీవచ్చు. అందరికీ సేస్తన్నాం. ఎవుడికీ తెల్దు."

"నాకు తెలస్తాది కదరా," అంది అప్ప.

ఫ్లాస్కులో వేడినీళ్లు తాగింది. మెడ మీద చెయ్యేసి గడ్డని తడుముకుంది. "ఒగ్గీండ్రా. ఇది అప్పుడే గొంతుని తినీసినట్టున్నాది. నానే ఆలస్యం సేసీసినాను. ఎలిపోదాం." కొంగు భుజాన వేసుకుని లేచింది.

అప్ప సంగతి నాకు తెలుసు. ఆవిడ పోట్లాడితే పాడుతుంది. ఊరుకుందంటే ఇక పాడదు. అప్పటికి పదకొండు కూడా కాలేదు, పగలు చాలా ఉంది. కానీ ఆవిడ ఆ తలుపు దాటితే ఆ పగలు నాకెందుకూ పనికిరాదు.

నేను పాటగాణ్ణి కాదు. గిటార్ ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. నాకు తెలిసింది కాటా. కొండ మీంచి రైతు బస్తా తెచ్చి నా కాటా మీద పెట్టినప్పుడు, తన ఇంట్లో తూచిన దానికీ నా దగ్గర తూచిన దానికీ తేడా వస్తే, ముందు నేను బస్తాని అనుమానించను. ఇది మంచితనం కాదు. ఒకసారి తూకంలో నష్టపోయిన రైతు మరుసటి ఏడు పర్లాకిమిడి వెళ్లి అమ్ముకుంటాడు. నాకు నష్టం.

"త్రినాథూ, మూడుసార్లు పాడింది కదా. మూడుసార్లూ ఎంత పైకెళ్లింది?" అని అడిగాను.

తెర మీద చూశాడు. "ఇంచుమించు ఒకేలాగ మావా."

"చోటు?"

"సోటు కూడా అదే. దీవెన పై మెట్లు వాయించిన తర్వాత."

"గొంతు చెడిపోయిన మనిషి మూడుసార్లూ ఒకే చోట ఒకేలాగ తప్పుతుందా? అలా తప్పేది కాటారా, బస్తా కాదు."

త్రినాథ్ నావైపు చూశాడు. దీవెన ముఖం ఎర్రబడింది. "నాన్నా, నేను శృతి చేసే మొదలెట్టాను. ముల్లు పచ్చగా ఉంది, నువ్వూ చూశావు."

"ఖాళీ కాటా కూడా సున్నా చూపిస్తుందమ్మా. నేను రోజూ పొద్దున సున్నా ఒక్కటే చూసి ఊరుకుంటానా? ఇరవై కిలోల రాయి పెడతాను, యాభై పెడతాను. బరువు పెడితే కదా కాటా సంగతి తెలిసేది."

అప్ప తలుపు దగ్గర నిలబడే ఉంది. "అప్పా, ఒక్క చరణం పాడి వెళ్లిపో. గిటార్ వద్దు," అన్నాను.

"ఏటి, పరీచ్చా?"

"నీకు కాదు."

నిలబడే పాడింది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. త్రినాథ్ చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోను డబ్బాలు తీయకుండా తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. పాట అయ్యాక లేచొచ్చి అప్ప కాళ్లకి దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"మామ్మా, నువ్వు ఎక్కడ ఎత్తినావో అక్కడే దింపినావు. ఎంట్రుకంత కూడా జరగనేదు. గిటారు ఎక్కడికెల్తే నువ్వు అక్కడికెల్లినావు. తప్పు నీది కాదు, నీ సెవిది."

"సెవిది కూడా కాదురా ఎదవా, మంచి సెవి కాబట్టే ఎల్లినాను," అంది అప్ప. వచ్చి బస్తా మీద కూర్చుంది.

ఇక గిటార్‌కి బరువు పెట్టాం. దీవెన క్లిప్పు తీసేసి, తీగని ఏ మెట్టూ నొక్కకుండా మీటింది. ముల్లు మధ్యలో నిలబడింది. ఐదో మెట్టు నొక్కి మీటింది. కొంచెం కుడికి. పన్నెండో మెట్టు తీగకి సరిగ్గా సగం. అక్కడ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. నొక్కింది. ముల్లు బాగా కుడికి పోయి ఎర్రగా నిలబడింది. ఆరు తీగలదీ అదే వరస.

త్రినాథ్ ముందు పాత తీగలని అనుమానించాడు. తుప్పు పట్టిన తీగ ఒక చోట బరువుగా, ఒక చోట తేలిగ్గా ఉంటుందనీ, ఎక్కడ నొక్కినా సరిగ్గా పలకదనీ అన్నాడు. దీవెన దగ్గర కొత్త సెట్టు ఉంది. ఆరూ మార్చింది. కొత్త తీగలు సాగుతాయి కాబట్టి ఒక్కోదాన్నీ వేళ్లతో పైకి లాగి వదులుతూ, మళ్లీ శృతి చేస్తూ, అవి సాగడం మానేదాకా కూర్చుంది. గంట పోయింది. పాట ఆగాక వేసుకున్న ఫ్యాను కూడా ఆపించాడు త్రినాథ్, గాలి తగిలి శృతి మారుతుందని. మార్చి నెల, రేకుల గోడౌను. నలుగురం చెమటలు కక్కుతూ ముల్లుకేసి చూశాం. పన్నెండో మెట్టు దగ్గర ముల్లు ఎర్రగానే ఉంది, మునుపటి కంటే వెంట్రుకవాసి నయం.

అప్పుడు త్రినాథ్ గిటార్‌ని తుపాకీలా కంటి ముందు పెట్టుకుని మెడ వెంబడి చూశాడు.

"ఇదేటి సెల్లీ, ఇంతెత్తు తీగలెట్టుకుని ఎలా వాయిస్తన్నావు? మెడకీ తీగకీ మధ్య నా సిటికినేలు దూరిపోతన్నాది. అంత కిందకి నొక్కాలంటే తీగని లాగినట్టే కదా. లాగితే శృతి పైకెక్కిపోదేటి?"

"మొదట్నుంచీ ఇంతే అన్నా. గిటార్లన్నీ ఇలాగే ఉంటాయనుకున్నాను."

తీగలు కింద ఆనే చోట, గిటార్ పొట్ట మీద, ఎముకలా తెల్లటి సన్నపట్టీ ఒకటి ఉంటుంది. త్రినాథ్ దాని మీద వేలు పెట్టి, "ఈ పట్టీ ఎందుకో మరీ పైకున్నాది," అన్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది.

ఆ గిటార్ కొన్న కొత్తలో పందిళ్లలో ఆడవాళ్ల ప్రార్థన కూటాలు జరిగేవి, సంఘంలో కుర్రాళ్లు దాన్ని వాయించేవారు. మైకు ఉండేది కాదు. నలభై మంది గొంతెత్తితే గిటార్ వినిపించేది కాదు. తీగలు ఎత్తుగా ఉంటే శబ్దం పెద్దదవుతుందని ఎవరో అన్నారు. నేను కొట్లో ఉన్న చెక్క కొలబద్దని నిలువునా చీల్చి, ఒక ముక్క ఆ పట్టీ కింద దూర్చాను. నిజంగానే శబ్దం పెరిగింది. అందరూ మెచ్చుకున్నారు. దీవెనకి అప్పటికి ఏడాది. ఆ తర్వాత ఆ ముక్క సంగతే నాకు గుర్తు లేదు.

చెప్పకుండా ఊరుకోవచ్చు. పట్టీ పీకితే ముక్క కనిపిస్తుంది, ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. బరంపురం కొట్టువాడి మీద పడిపోతుంది. ఆ లెక్క కూడా వేశాను, అబద్ధం ఎందుకు. కానీ అప్ప ఇందాక మెడ తడుముకుంటూ లేచిన సంగతి ఉంది. ఆ తప్పు ఎవరిదో ఆవిడకి పూర్తిగా తెలియాలి, లేకపోతే మళ్లీ చరణం దగ్గర ఆవిడ గొంతు జంకుతుంది. చెప్పడమే లాభం.

"కింద చెక్కముక్క ఉంటుంది. నేనే పెట్టాను," అన్నాను.

అప్ప తిట్లు మొదలెట్టింది.

"ఓలమ్మ! ఊరందరికీ కాటా గురించి సెప్తావు. కాటా కింద రాయెట్టినోడు దొంగ అంతావు. గిటారు కింద బద్దెట్టీసి నా గొంతు మీదకి తోసీసినావేట్రా?"

"గుర్తు లేదప్పా."

"దొరికినోడు ప్రతోడూ అదే అంతాడు."

దీవెన ఎడమచేతి వేళ్లు నా ముందు చాపింది. కొసలన్నీ గట్టిపడి పసుపురంగులో ఉన్నాయి. "పద్నాలుగో ఏట మొదలెట్టాను నాన్నా. తొమ్మిదేళ్లు. నా వేళ్లలో బలం లేదని మాస్టారు తిట్టేవాడు." కోపంగా అనబోయి తనే నవ్వేసింది.

తీగలు వదులు చేసి, త్రినాథ్ పటకారుతో పట్టీని మెల్లగా పైకి లాగాడు. గాడిలోంచి ముక్క వచ్చింది. రెండున్నర అంగుళాల పొడవు, అగ్గిపుల్లంత మందం. కొలబద్ద గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ఏడు అంకె సగం ఉంది. దాన్ని జేబులో వేసుకున్నాను.

పట్టీ తిరిగి పెట్టి తీగలు బిగించాక ముల్లు చాలా వరకు దారికొచ్చింది. మొత్తంగా రాలేదు. ఒక కారణం దీవెన చెయ్యి. తొమ్మిదేళ్లు ఎత్తు తీగలని నొక్కిన చెయ్యి, తీగ కిందకి దిగినా అదే బలంతో నొక్కుతోంది.

"సెల్లీ, తీగని ముట్టుకో, సాలు. పీక పిసికినట్టు పిసక్కు," అంటూ త్రినాథ్ నాలుగైదుసార్లు వాయించి చూపించమన్నాడు. క్లిప్పుని ఈసారి మెట్టుకి బాగా దగ్గరగా పెట్టి బిగించాడు. ముల్లు ఇంకొంచెం మధ్యకొచ్చింది. అయినా పల్లవికి సరిగ్గా శృతి చేస్తే పై మెట్లలో చిన్న తేడా, పై మెట్లకి సరిచేస్తే పల్లవిలో చిన్న తేడా మిగిలింది.

"ఇది ఏ గిటారుకైనా ఉంటాది మావా. ఇప్పుడు ఒకటే దారి. పల్లవికి శృతి సేసి పల్లవి వరకు ఎక్కిద్దాం. ఆపీసి, పై మెట్లకి మళ్లీ శృతి సేసి సరణం ఎక్కిద్దాం. తర్వాత అతికిస్తాను."

అప్ప గయ్యిమంది. "నా పాటని ముక్కలు సేస్తావేటి? ఒక్క ఊపులో పాడితేనే అది పాట."

ఇద్దరిదీ న్యాయమే. బేరంలో ఇద్దరిదీ న్యాయమైనప్పుడు సరుకుని విడదీసి చూడాలి. "గిటార్ని ముక్కలు చేద్దాం, గొంతుని వద్దు," అన్నాను. "ముందు గిటార్ ఒక్కటే ఎక్కించు, ఎన్ని ముక్కలైనా సరే. అతికించి అప్ప చెవిలో పెట్టు. అప్ప అది వింటూ మొత్తం ఒకేసారి పాడుతుంది."

త్రినాథ్ ఒప్పుకున్నాడు. దీవెన ఒప్పుకోలేదు. "అత్త ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో నాకెలా తెలుస్తుంది? అత్త పాడకుండా ఒట్టి గిటార్ వాయిస్తే గడియారంలా ఉంటుంది."

"ఎదురుగా కూకుంటాను లే," అంది అప్ప.

అలాగే చేశారు. దీవెన వాయిస్తుంటే అప్ప ఎదురుగా కూర్చుని శబ్దం లేకుండా పెదవులు కదుపుతూ పాడింది. ఊపిరి దగ్గర అరచెయ్యి పైకెత్తింది, అందుకునే చోట దించింది. దీవెన కళ్లు ఆ చేతిమీదే ఉన్నాయి. గోడౌనులో గిటార్ తప్ప ఏమీ వినిపించలేదు గానీ, ఆ చెయ్యి చూస్తుంటే నాకు పాట మొత్తం వినిపించింది. రోడ్డు మీద లారీ హారను వల్ల రెండుసార్లు చెడింది. మూడోసారి కుదిరింది. చరణాలకి మళ్లీ శృతి చేసుకుని, మళ్లీ అప్ప చెయ్యి చూస్తూ వాయించింది.

నాలుగున్నరకి అప్ప చెవులకి డబ్బాలు పెట్టారు. కాసేపు విని, "ఇది మన గిటారేనా?" అంది. కళ్లు మూసుకుని పాడింది. మొదటిసారి మూడో చరణంలో దగ్గొచ్చింది. వేడినీళ్లు తాగి మళ్లీ మొదట్నుంచీ పాడింది. ఆపలేదు. త్రినాథ్ చెయ్యెత్తలేదు.

అయ్యాక తెర చూపించాడు. గీత పల్లవిలోనూ చరణంలోనూ ఒకే దారిన ఉంది. ఆఖరి పల్లవిలో ఒక్క చోట వెంట్రుకంత కిందకి దిగింది. ఊపిరి అయిపోయిన చోట.

"ఇది లాగీమంతావా మావా? ఒక్క సిటికెలో పని."

చింతపండు బస్తాకి తరుగు అని కొంత వదులుతాం. ఎండకి ఆరేది, గింజకి పోయేది. అది లేకుండా తూగిన బస్తా తెస్తే నేను లోపల తడి ఉందేమోనని చూస్తాను. "వద్దు. అది తరుగు. ఉండనీ," అన్నాను.

మంగళవారం అప్ప బస్సెక్కింది. బుధవారం ఆపరేషను జరిగింది. గడ్డలో చెడు ఏమీ లేదన్నారు. వారం పాటు చేతిసైగలతోనే కోడల్ని తిట్టింది. మూడో వారానికి మాట వచ్చింది, బొంగురుగా. పై స్థాయి రాలేదు. ఎత్తబోతే గొంతు జీరపోయి ఆగిపోతుంది. డాక్టరు ఏడాది చూడమన్నాడు. అప్ప ఏడాది కోసం ఎదురు చూడలేదు. గురువారం ఆడవాళ్ల కూటానికి ఫోను పట్టుకెళ్లి మధ్యలో పెట్టి పాట వేసింది. చరణం తప్పు వరసలో పాడే వాళ్లని బొంగురు గొంతుతోనే కేకలేసి దిద్దింది.

"ఆకరి పల్లవిలో దమ్ము సాల్లేదురా, అయినా పరవానేదు," అంది నాతో.

ఆ సోమవారం లెక్క ఇప్పుడు మూస్తున్నాను. పోయినవి: అప్ప గొంతులో పై స్థాయి, అది ఎలాగూ నా చేతిలోది కాదు. గిటార్ శబ్దంలో కొంత పెద్దతనం. కాటా గురించి నేను మాట్లాడేటప్పుడు అప్ప ముందు నాకుండే దర్జా. వచ్చినవి: దీవెన వేళ్ల కొసలు కొంచెం మెత్తబడ్డాయి. సగం ఏడంకె ఉన్న చెక్కముక్క కొట్లో పరీక్ష రాళ్ల పక్కన ఉంది. పొద్దున కాటా చూసేటప్పుడు అదీ కనిపిస్తుంది. ఇంకా, ఆరు ఊళ్లలో ఇప్పుడు ఒకే వరసలో వినిపించే పాట, కాంతమప్ప గొంతుతో, నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.